ఆవగింజ ఘాటు వెనుక: ఆవాల పంటలో పోషక వ్యతిరేక పదార్థాలు



పోపులో చిటపటలాడిన ఆవాలకు ఘాటు ఉండదు. అవే ఆవాలను కాస్త నీళ్ళు చిలకరించి నూరితే ఘాటు ముక్కుకెక్కి, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. పనసపొట్టు కూరకు ఆవ పెట్టేవారు కూరను పొయ్యి మీద నుంచి దించిన తరువాతే నూరిన ముద్దను కలుపుతారు. పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ ఘాటు పోతుందని వారికి అనుభవం నేర్పింది. గింజ ఒక్కటే. ఒక పద్ధతిలో ఘాటు పుట్టింది, మరో పద్ధతిలో పుట్టలేదు. కారణం ఏమిటి?

ఈ చిన్న ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళితే మొక్కల ఆత్మరక్షణ, థైరాయిడ్ గ్రంథి, గుండె కండరం, పశువుల దాణా, పంటల ప్రజననం వంటి విషయాలన్నీ మనకు ఎదురవుతాయి. ఈనాటి ప్రసంగంలో వాటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

పోషక వ్యతిరేక పదార్థాలు అంటే ఏమిటి?

ఆహారంలో సహజంగానే ఉంటూ, అందులోని పోషకాలు మన శరీరానికి అందకుండా అడ్డుపడే లేదా శరీర క్రియలకు కొంత ఆటంకం కలిగించే పదార్థాలను పోషక వ్యతిరేక పదార్థాలు అంటారు. పచ్చి సోయా గింజల్లోని ట్రిప్సిన్ నిరోధకాలు, కర్రపెండలంలో సయనైడును విడుదల చేసే పదార్థాలు, పాలకూరలోని ఆక్సలేట్లు ఇందుకు ఉదాహరణలు. ఇవి కల్తీ పదార్థాలు కావు. మొక్క తన అవసరం కోసం తయారుచేసుకున్నవి. శత్రువు వస్తే పరుగెత్తి పారిపోయే వీలు మొక్కకు లేదు కదా! అందుకని అది రసాయనాలతో పోరాడుతుంది.

ఆవాలలో మనం ముఖ్యంగా రెండింటి గురించి తెలుసుకోవాలి. మొదటిది గ్లూకోసినోలేట్లు, ఇవి నూనె తీయగా మిగిలిన చెక్కలో ఎక్కువగా ఉంటాయి. రెండవది ఎరూసిక్ ఆమ్లం. ఇది నూనెలో ఉంటుంది. ఈ తేడాను బాగా గుర్తుంచుకోండి. చాలామంది ఈ రెండింటినీ కలగాపులగం చేస్తుంటారు.

ఆవాల కుటుంబం

మన దేశంలో ఎక్కువగా పండే ఆవాలు బ్రాసికా జన్సియా అనే జాతికి చెందినవి. తోరియా, పసుపు సర్సోం వంటివి బ్రాసికా రాపా జాతివి. కెనడా, ఐరోపా దేశాలలో విరివిగా పండే రేప్‌సీడ్ బ్రాసికా నేపస్. వీటి మధ్య ఉన్న చుట్టరికాన్ని నగహారు యు అనే వృక్ష శాస్త్రవేత్త 1935లో ఒక త్రిభుజం రూపంలో చూపించారు. 10 జతల క్రోమోజోములున్న రాపా, 8 జతలున్న నల్ల ఆవ కలిసి 18 జతల జన్సియా ఏర్పడింది. అదే రాపా, 9 జతలున్న క్యాబేజీ జాతితో కలిసి 19 జతల నేపస్ ఏర్పడింది. అంటే మన ఆవాలకు క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి అన్నీ బంధువులే. ఘాటు రసాయనాలు ఈ కుటుంబమంతటికీ వారసత్వం.

మన తెలుగు ప్రాంతాలలో ఆవాలు ప్రధానంగా పోపుకు, ఊరగాయకు వాడే దినుసు. రాజస్థాన్, హర్యానా, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్, పశ్చిమ బెంగాల్ రాష్ట్రాలలో మాత్రం అది రబీలో వేసే ముఖ్యమైన నూనెగింజల పంట. పంటలో సింహభాగం రాజస్థాన్‌ది. ఉత్తర, తూర్పు భారతంలో కోట్లాది కుటుంబాలకు ఆవనూనే వంటనూనె. మన దేశం తనకు కావలసిన వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. కాబట్టి ఆవగింజలోని మంచిచెడ్డలు ప్రయోగశాలకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

ఘాటు పుట్టే తీరు

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు వద్దాం. గ్లూకోసినోలేట్ అణువులో ఒక గ్లూకోజ్ భాగం, గంధకం, నత్రజని, ఒక పార్శ్వ శృంఖలం ఉంటాయి. పార్శ్వ శృంఖలాన్ని బట్టి ఇవి నూరుకు పైగా రకాలు. గ్లూకోసినోలేట్‌కు తనంతట తానుగా ఘాటు లేదు. గింజలోనే మరో గదిలో, అంటే వేరే కణాలలో, మైరోసినేజ్ అనే ఎంజైము ఉంటుంది. 1840లో బుస్సీ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త దీనిని గుర్తించాడు. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపు ఈ రెండూ కలవవు. గింజ నలిగినప్పుడు గోడలు కూలి, తేమ సమక్షంలో ఎంజైము గ్లూకోసినోలేట్‌ను పట్టుకుని గ్లూకోజ్‌ను విడగొడుతుంది. మిగిలిన ముక్క నిలకడగా ఉండలేక ఐసోథయోసయనేట్, నైట్రైల్, థయోసయనేట్ వంటి పదార్థాలుగా మారుతుంది. సినిగ్రిన్ అనే గ్లూకోసినోలేట్ నుంచి పుట్టే అల్లైల్ ఐసోథయోసయనేట్ మన ముక్కును అదరగొట్టే పదార్థాలలో ముఖ్యమైనది.

పోపులో ఏం జరిగింది? కాగిన నూనె వేడికి ఎంజైము ప్రోటీను దెబ్బతిన్నది. పదార్థం ఉంది కానీ దానిని విడగొట్టే పనివాడు లేడు. కాబట్టి ఘాటు పుట్టలేదు. పొయ్యి మీది కూరలో ఆవముద్ద వేస్తే, అప్పటికే పుట్టిన ఘాటు ఆవిరై పోతుంది. కొత్తగా పుట్టడానికి ఎంజైము మిగలదు. ఆవ పెట్టేవారి అనుభవం ఎంజైముల శాస్త్రంతో ఎంత చక్కగా సరిపోయిందో గమనించండి.

థైరాయిడ్ గ్రంథిపై ప్రభావం

1928లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో వేరే వ్యాధి మీద పరిశోధన కోసం కుందేళ్ళను పెంచుతున్నారు. వాటికి ఎక్కువగా క్యాబేజీ మేపేవారు. కొంతకాలానికి వాటి మెడలో థైరాయిడ్ గ్రంథులు ఉబ్బడం చెస్నీ, ఆయన సహచరులు గమనించారు. ఆహారం వల్ల గాయిటర్ రావచ్చనే సంగతి ఆ విధంగా బయటపడింది. 1949లో ఈ కుటుంబపు మొక్కల నుంచి గాయిట్రిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. ప్రోగాయిట్రిన్ అనే గ్లూకోసినోలేట్ విడిపోయినప్పుడు ఇది ఏర్పడుతుంది.

థైరాయిడ్ గ్రంథి రక్తం నుంచి అయోడిన్‌ను గ్రహించి థైరాక్సిన్ హార్మోనును తయారుచేస్తుందని మీరు చదువుకున్నారు. థయోసయనేట్ అయాను, అయోడైడు గ్రంథిలోకి ప్రవేశించే ద్వారం దగ్గర దానితో పోటీపడుతుంది. గాయిట్రిన్ అయితే లోపల హార్మోను తయారయ్యే చర్యనే అడ్డుకుంటుంది. ఒకటి వాకిట్లో అడ్డం, మరొకటి వంటింట్లో అడ్డం అన్నమాట. ప్రోగాయిట్రిన్ రేప్‌సీడ్‌లో ఎక్కువ. మన ఆవాలలో తక్కువ.

మరి ఆవకాయ తింటే గాయిటర్ వస్తుందా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే పరిమాణాన్నీ, శరీరంలోని అయోడిన్ స్థితినీ చూడాలి. అయోడిన్ తగినంత ఉన్నవారికి దినుసుగా వాడే కొద్దిపాటి ఆవపిండి సమస్య కాదు. అయోడిన్ లోపించిన చోట ఇటువంటి పదార్థాలు పరిస్థితిని మరింత దిగజార్చగలవు. హిమాలయ పర్వత సానువులలో గాయిటర్ విస్తారంగా ఉండేది. అక్కడి మట్టిలో, నీటిలో అయోడిన్ కొరత ఉండటమే దానికి మూలకారణం. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నంలో వైద్యవిద్య అభ్యసించిన డాక్టర్ వి. రామలింగస్వామి 1956లో కాంగ్రా లోయలో ఒక పెద్ద అధ్యయనం ప్రారంభించారు. అయోడిన్ కలిపిన ఉప్పు వాడిన ప్రాంతాలలో గాయిటర్ గణనీయంగా తగ్గిందని ఆయన బృందం చూపింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. సమస్య పరిష్కారానికి ఏ ఆహారాన్నీ నిషేధించలేదు. లోపించిన దానిని చేర్చారు. ఇది మనం గుర్తుంచుకోదగిన పాఠం.

గ్లూకోసినోలేట్ల అసలు ఇబ్బంది పశువుల దాణాలో కనిపిస్తుంది. నూనె తీసిన ఆవచెక్కలో 35 నుంచి 40 శాతం దాకా ప్రోటీను ఉంటుంది. అయితే మన సంప్రదాయ రకాల చెక్కలో గ్రాముకు 100 మైక్రోమోళ్ళకు అటూ ఇటూగా గ్లూకోసినోలేట్లు ఉంటాయి. ఘాటు, చేదు వల్ల పశువులు మేత తగ్గిస్తాయి. నెమరువేసే పెద్ద పశువులు కొంత తట్టుకుంటాయి కానీ కోళ్ళు, పందులు, లేగదూడలు తట్టుకోలేవు. అందువల్ల ఇంత మంచి ప్రోటీను ఉన్న చెక్కను దాణాలో పరిమితంగానే కలపవలసి వస్తోంది. రైతుకు రావలసిన విలువలో ఒక భాగం ఇక్కడే పోతోంది.

ఎరూసిక్ ఆమ్లం

ఇక నూనె విషయం. ఎరూసిక్ ఆమ్లం 22 కార్బన్లు, ఒకే ఒక ద్విబంధం ఉన్న పొడవైన కొవ్వు ఆమ్లం. వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే ఓలియిక్ ఆమ్లానికి 18 కార్బన్లు. ఆవగింజలోని ఒక ఎంజైము ఓలియిక్ ఆమ్లానికి రెండేసి కార్బన్లు రెండుసార్లు చేర్చి ఎరూసిక్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. మన సంప్రదాయ రకాల నూనెలో ఇది 40 నుంచి 50 శాతం దాకా ఉంటుంది.

1960, 70 దశకాలలో ఎలుకలకు ఈ నూనెను పెద్ద మోతాదులో పెట్టినప్పుడు గుండె కండర కణాలలో కొవ్వు బిందువులు పేరుకోవడం శాస్త్రవేత్తలు చూశారు. ఈ పొడవైన ఆమ్లాన్ని మైటోకాండ్రియా నెమ్మదిగా మాత్రమే దహించగలదు. అయితే ఎలుక గుండెకు కొవ్వులను తట్టుకునే శక్తి తక్కువని, ఇతర నూనెలు ఎక్కువగా పెట్టినా వాటి గుండెలో కొన్ని మార్పులు వస్తాయని తరువాత తెలిసింది. మనుషులలో ఆవనూనె వల్ల ఇటువంటి గుండెజబ్బు వచ్చినట్లు రుజువు కాలేదు. పైగా ఢిల్లీ, బెంగళూరు ఆసుపత్రులలో జరిపి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఆవనూనె వాడేవారిలో గుండెపోటు ముప్పు తక్కువగా కనిపించింది. ఆవనూనెలో సంతృప్త కొవ్వులు తక్కువ, ఒమేగా-3 వర్గపు ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉండటం అందుకు కారణం కావచ్చు. కానీ ఇటువంటి పరిశీలన ఒక్కటే కార్యకారణ సంబంధాన్ని రుజువు చేయదని కూడా మీరు గ్రహించాలి.

దేశాలు ఈ విషయంలో వేర్వేరు దారులు పట్టాయి. అమెరికాలో ఆవనూనెను వంటనూనెగా అనుమతించరు. అక్కడి భారతీయ దుకాణాలలో ఆవనూనె సీసాపై 'బాహ్య ఉపయోగానికి మాత్రమే' అని రాసి ఉంటుంది. మన దేశంలో అదే నూనె తరతరాల వంటనూనె.

ఒక లెక్క వేసి చూద్దాం

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2016లో ఒక పరిమితి సూచించింది. కిలో శరీర బరువుకు రోజుకు 7 మిల్లీగ్రాముల ఎరూసిక్ ఆమ్లం. 60 కిలోల మనిషికి ఇది 420 మిల్లీగ్రాములు. ఒక చెంచా నూనె సుమారు 4.5 గ్రాములు, అందులో 40 శాతం అంటే 1.8 గ్రాములు. అంటే ఒక్క చెంచాతోనే పరిమితి నాలుగు రెట్లు దాటిపోయింది!

ఇక్కడే ఆగితే భయం తప్ప జ్ఞానం మిగలదు. ఆ పరిమితి ఎలా వచ్చింది? లేత ఎలుకలు, పందిపిల్లలలో కిలో బరువుకు రోజుకు 0.7 గ్రాముల దాకా గుండెకు హాని కనిపించలేదు. దానిని జాగ్రత్త కోసం 100తో భాగించారు. భాగించకముందు సంఖ్యను 60 కిలోల మనిషికి అన్వయిస్తే 42 గ్రాముల ఎరూసిక్ ఆమ్లం, అంటే సుమారు 105 గ్రాముల నూనె అవుతుంది. రోజుకు 25 గ్రాముల ఆవనూనె వాడే వ్యక్తికి 10 గ్రాముల ఎరూసిక్ ఆమ్లం అందుతుంది. ఇది హాని కనిపించని మోతాదుకు నాలుగో వంతు లోపే ఉంది. కానీ జాగ్రత్త పరిమితికి చాలా పైన ఉంది. కాబట్టి బెంబేలెత్తవలసిన పని లేదు, అలాగని పట్టించుకోకుండా ఉండటమూ తగదు. శరీర బరువు తక్కువగా ఉండే పసిపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం.

మరో అపోహను కూడా తొలగించుకుందాం. నూనె ఘాటుకు కారణం ఐసోథయోసయనేట్. ఎరూసిక్ ఆమ్లానికి ఘాటు లేదు. శుద్ధిచేసి ఘాటు తీసివేసినంత మాత్రాన నూనెలో ఎరూసిక్ ఆమ్లం తగ్గదు.

ఇతర పదార్థాలు, ఒక హెచ్చరిక

ఆవచెక్కలో ఫైటిక్ ఆమ్లం కూడా ఉంటుంది. ఇది జింకు, ఇనుము, కాల్షియంలను పట్టి ఉంచి శరీరానికి అందనివ్వదు. పొట్టులోని టానిన్లు ప్రోటీన్ల జీర్ణతను తగ్గిస్తాయి. సినపిన్ అనే పదార్థం చేదుకు ఒక కారణం. గోధుమరంగు గుడ్లు పెట్టే కొన్ని కోళ్ళకు సినపిన్ ఉన్న దాణా పెడితే గుడ్లకు చేపల వాసన వస్తుంది.

1998లో ఢిల్లీలో ఆవనూనె వాడిన కుటుంబాలలో కాళ్ళవాపులతో ఎపిడమిక్ డ్రాప్సీ అనే వ్యాధి చెలరేగి 60 మందికి పైగా మరణించారు. దానికి కారణం ఆవగింజలోని పదార్థం కాదు. బలురక్కసి అనే పసుపు పువ్వుల ముళ్ళమొక్క గింజల నూనె అందులో కలవడం. ఆ గింజలు చూడటానికి ఆవాలను పోలి ఉంటాయి. సహజ పోషక వ్యతిరేక పదార్థం వేరు, ప్రాణాంతకమైన కల్తీ వేరు.

ప్రజనన శాస్త్రం చూపిన దారి

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో కెనడాలో ఓడల యంత్రాలకు కందెనగా వాడటానికి రేప్‌సీడ్ సాగును పెంచారు. యుద్ధం ముగిశాక దానిని వంటనూనెగా మార్చాలనుకున్నారు. కీత్ డౌనీ, బాల్డర్ స్టెఫాన్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ కృషికి నాయకత్వం వహించారు. గింజ నూనెను పరీక్షించాలంటే గింజను నలపాలి. నలిపితే మొలకెత్తదు. మరి మంచి గింజను ఎంచుకోవడం ఎలా? 1963లో డౌనీ, హార్వే ఒక చక్కని ఉపాయం ప్రకటించారు. గింజలోని ఒక బీజదళాన్ని మాత్రమే కోసి గ్యాస్ క్రొమటోగ్రఫీతో పరీక్షించడం, మిగిలిన సగాన్ని నాటడం. దీనినే అర గింజ పద్ధతి అంటారు. ఎరూసిక్ ఆమ్లం ఎంత ఉండాలో గింజలోని పిండం జన్యువులే నిర్ణయిస్తాయి కాబట్టి ఈ పద్ధతి ఫలించింది.

1968లో ఎరూసిక్ ఆమ్లం తక్కువగా ఉన్న ఓరో రకం వచ్చింది. బ్రోనోవ్‌స్కీ అనే పోలండ్ రకం నుంచి తక్కువ గ్లూకోసినోలేట్ లక్షణాన్ని తెచ్చి, రెండూ తక్కువగా ఉన్న టవర్ రకాన్ని 1974లో విడుదల చేశారు. 1978లో ఇటువంటి పంటకు కనోలా అని పేరు పెట్టారు. నూనెలో ఎరూసిక్ ఆమ్లం 2 శాతం లోపు, నూనె తీసిన చెక్కలో గ్లూకోసినోలేట్లు గ్రాముకు 30 మైక్రోమోళ్ళ లోపు ఉండాలన్నది దీని ప్రమాణం. వీటినే జంట సున్నా రకాలు అంటారు. ఇక్కడ సున్నా అంటే బొత్తిగా లేదని కాదు, పరిమితి లోపు ఉందని అర్థం.

కనోలా చల్లని దేశాలకు అనువైన నేపస్ పంట. ఉత్తర భారతంలో తక్కువ తేమతో, తక్కువ కాలంలో పండేది జన్సియా. కాబట్టి ఈ గుణాలను మన ఆవాలలోకే తేవలసి వచ్చింది. 1981లో ఆస్ట్రేలియాలో ఎరూసిక్ ఆమ్లం లేని జన్సియా మొక్కలను గుర్తించారు. ఆవాల పరిశోధన కోసం 1993లో రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర జాతీయ పరిశోధన కేంద్రం ఏర్పాటైంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ మొదట ఎరూసిక్ ఆమ్లం తక్కువగా ఉన్న పూసా కరిష్మా రకాన్ని, ఆ తరువాత జంట సున్నా లక్షణాలున్న పూసా డబుల్ జీరో మస్టర్డ్ 31 రకాన్ని రూపొందించింది.

అయితే రకం రావడంతోనే పని పూర్తి కాదు. పక్క పొలంలో మామూలు ఆవాలు ఉంటే తేనెటీగలు తెచ్చే పుప్పొడితో ఏర్పడిన కొన్ని గింజలలో ఎరూసిక్ ఆమ్లం మళ్ళీ పెరుగుతుంది. మండీలో ధర ప్రధానంగా నూనె శాతాన్ని బట్టి పలుకుతుంది. గుణానికి వేరే ధర లేనప్పుడు రైతు ఈ పంటను విడిగా సాగుచేసి, విడిగా నూర్చి, విడిగా నిల్వచేసే శ్రమ ఎందుకు పడతాడు? ఇది జన్యుశాస్త్రం ఒక్కటే తీర్చగల ప్రశ్న కాదు.

మొక్క అవసరం, మన అవసరం

ఇప్పుడు చివరి చిక్కుముడి. గ్లూకోసినోలేట్లను మొక్క మొత్తం నుంచి తీసివేస్తే ఏమవుతుంది? మొక్క తన ఆయుధాన్ని కోల్పోతుంది. అన్ని రకాల పురుగులూ దాని మీద పడతాయి. ఈ ఆయుధానికి అలవాటుపడిన పురుగులూ లేకపోలేదు. క్యాబేజీ సీతాకోకచిలుక గొంగళిపురుగులు ఈ రసాయనాన్ని బట్టే తమ ఆహారాన్ని గుర్తుపడతాయని వెర్షాఫెల్ట్ అనే డచ్చి శాస్త్రవేత్త 1910లోనే చూపించాడు. క్యాబేజీ పేనుబంక అయితే ఈ పదార్థాన్ని మొక్క నుంచి పీల్చి దాచుకుని, మైరోసినేజ్‌ను తానే తయారుచేసుకుని, తన శత్రువులపై అదే ఆయుధాన్ని వాడుతుంది.

గింజలోని గ్లూకోసినోలేట్లలో చాలా భాగం గింజలో తయారైనది కాదు. తల్లిమొక్క ఆకులు, కాయ గోడల వంటి భాగాలలో తయారై గింజలోకి చేరుతుంది. చేరవేసే రవాణా ప్రోటీన్లను 2012లో అరబిడాప్సిస్ మొక్కలో గుర్తించారు. ఆ రవాణాను ఆపితే? ఆకులో ఆయుధం ఉంటుంది, గింజలో తగ్గుతుంది! ఢిల్లీలోని జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వరుణ అనే ఆవాల రకంలో ఈ రవాణా జన్యువులను క్రిస్పర్ పద్ధతిలో సవరించి, 2023లో ఫలితాలు ప్రచురించారు. గింజలలో గ్లూకోసినోలేట్లు కనోలా ప్రమాణానికి తగ్గాయి, ఆకులలో తగ్గలేదు. పొగాకు లద్దెపురుగును ఆ మొక్కలు మామూలు మొక్కల మాదిరిగానే ఎదుర్కొన్నాయి.

ఇంకొక విషయం. కుందేళ్ళ గాయిటర్ బయటపడిన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలోనే 1992లో పాల్ టలాలే బృందం బ్రకోలి నుంచి సల్ఫోరఫేన్ అనే ఐసోథయోసయనేట్‌ను వేరుచేసింది. అది కణాలలోని రక్షక ఎంజైములను ప్రేరేపిస్తుందని తేల్చింది. 1928లో హానిగా కనిపించిన కుటుంబమే 1992లో మేలుగా కనిపించింది. ఎరూసిక్ ఆమ్లం కూడా అంతే. వంటకు వద్దనుకునే ఈ ఆమ్లం నుంచే ప్లాస్టిక్ సంచుల పొరలు ఒకదానికొకటి అంటుకోకుండా చేసే ఎరూకమైడ్ తయారవుతుంది.

కాబట్టి విద్యార్థులారా, ఒక పదార్థం మంచిదా, చెడ్డదా అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పకండి. ఎంత? ఎవరికి? మొక్కలో ఏ భాగంలో? ఈ మూడు ప్రశ్నలు తిరిగి అడగండి. పంటల శాస్త్రవేత్త పని మొక్కను నిరాయుధం చేయడం కాదు. ఆయుధం ఉండవలసిన చోట ఉంచి, మన పళ్ళెంలోకి, పశువు దాణాలోకి వచ్చే చోట తగ్గించడం.

మీరు చేసి చూడండి

ఒక్కొక్క చెంచా చొప్పున మూడు భాగాలు ఆవాలు తీసుకోండి. మొదటి భాగాన్ని పొడిగా దంచండి. రెండవ భాగాన్ని చన్నీటితో నూరండి. మూడవ భాగాన్ని పెద్దల సాయంతో పది నిమిషాలు నీటిలో మరిగించి, చల్లారాక నూరండి. అయిదు నిమిషాల తరువాత మూడింటినీ కాస్త దూరం నుంచే వాసన చూసి, ఘాటు తేడాలను నోటు పుస్తకంలో రాసుకోండి. తేమ పాత్ర ఏమిటో, వేడి పాత్ర ఏమిటో ఈ ప్రసంగం ఆధారంగా వివరించండి. మూడవ ముద్దకు కొద్దిగా రెండవ ముద్దను కలిపితే ఏమవుతుందో ముందుగా ఊహించి, ఆ తరువాత చేసి చూడండి.